కొండగాలిపై చౌక రెక్కలు

కొండ అంచున గాలికెదురుగా నిలిచిన గద్దను చూడనివారు ఉండరు. అది రెక్క ఆడింపదు. అయినను క్రిందికి దిగదు. గాలి విసురు హెచ్చినపుడు తోకను కొంచెము ఇటు అటు త్రిప్పి, ఉన్నచోటనే ఉండును. దానిని ఎత్తి పట్టుచున్నది కొండయే. మైదానముపై అడ్డముగా వచ్చు గాలికి కొండవాలు అడ్డుపడగా, ఆ గాలి వేరు దారి లేక వాలు వెంబడి పైకెక్కును. సెకనుకు 6 మీటర్ల వేగముతో వచ్చు గాలి 30 డిగ్రీల వాలును అంటి అదే వేగముతో ఎక్కినదనుకొన్నచో, అది సెకనుకు 3 మీటర్ల చొప్పున పైకి పోవుచున్నట్లు లెక్క. కొండకు దూరమగుకొలది ఈ ఎగుడు తగ్గును. గద్ద రెక్కలు చాచి గాలిలో జారునపుడు దిగు వేగము సెకనుకు సుమారు ఒక మీటరు మాత్రమే. దిగుడు కంటె ఎగుడు ఎక్కువైనంత సేపు పక్షి పైననే ఉండును.

బాక్టీరియాపై పరిశోధనలు చేసిన హాంకిన్ అను ఆంగ్లేయుడు ఆగ్రాలో ఉద్యోగము చేయుచు, తీరిక వేళలలో గద్దలను, రాబందులను గమనించి, 1913లో పక్షుల ఎగురుటపై ఒక గ్రంథము వెలువరించెను. ఎండ వలన కలుగు ఎగుడుగాలి వేరు, అడ్డువచ్చిన గాలి వలన కలుగు ఎగుడుగాలి వేరు అని ఆయన విడదీసి చెప్పెను. ఇచట చెప్పబోవునది రెండవ దానిని గురించి.

కొండగాలిలో ఎగురు యంత్రమునకు ఇంజను అక్కరలేదు, పెట్రోలు అక్కరలేదు. కావున అది పేదవాని విమానమని తోచును. కాని ఈ విద్య చరిత్రను చూచినచో ఒక సంగతి తేటపడును: కొండ ఎత్తుటకు రుసుము అడుగదు, దించుటలో వసూలు చేయును. నేడు రేడియోతో నడుపు బొమ్మ గ్లైడరును కొనదలచిన విద్యార్థికి కూడ అంగడిలోని ధర కంటె ఈ వసూలే పెద్దది.

జర్మనీ దేశపు ఇంజనీరు ఒట్టో లిలియెంతాల్ 1891లో డెర్విట్స్ గ్రామమువద్ద దిబ్బలపైనుండి ఎగురనారంభించెను. తగిన కొండ దగ్గరలో లేనందున 1894లో బెర్లిన్ శివారున 15 మీటర్ల ఎత్తు మట్టికొండను తానే పోయించెను. అది గుండ్రనిది. గాలి ఏ దిక్కునుండి వచ్చినను దానికి ఎదురుగా దుముకవచ్చును. అతని గ్లైడరు విల్లో కర్రలతోను, నూలుబట్టతోను కట్టినది. బరువు సుమారు 20 కిలోగ్రాములు. అటువంటి వానిని తన కార్ఖానాలో చేయించి ఒక్కొక్కటి 500 మార్కులకు అమ్మెను. కొన్నవారిలో రష్యా శాస్త్రజ్ఞుడు జుకోవ్‌స్కీ ఒకడు. విమానము వర్తకపు సరుకైనది దీనితోనే.

లిలియెంతాల్ చేసిన ఒక చిన్న ఏర్పాటు చరిత్ర గ్రంథములలో తరచుగా మరుగుపడుచుండును. ఎగురువాని ముందు వంచిన విల్లో బెత్తముతో ఒక విల్లును అమర్చెను. గ్లైడరు ముక్కు నేలను తాకినచో ఆ విల్లు ముందుగా వంగి దెబ్బను మ్రింగును. రెక్క వంపును గురించి అంత శ్రమపడి కొలతలు తీసినవాడు, పడుటను గురించి కూడ అంతే శ్రద్ధతో ఆలోచించెను. అయినను 1896 ఆగస్టు 9వ తేదీన రెక్క గాలిపై పట్టు తప్పగా అతడు పడి, మరునాడు మరణించెను. అప్పటికి రెండువేలకు పైగా ఎగిరియుండెను.

అతని ఎగురుటలలో పెక్కు కొండపైనుండి క్రిందికి జారుటలే. కొండగాలిలో నిలిచియుండుట తరువాత కుదిరినది. 1911 అక్టోబరు 24న ఆర్విల్ రైట్ అమెరికాలో కిల్ డెవిల్ ఇసుకదిబ్బలపై ఇంజను లేని గ్లైడరులో 9 నిమిషముల 45 సెకనులు గాలిలో ఉండెను. దీనిని మించుటకు పదేండ్లు పట్టెను.

మొదటి ప్రపంచయుద్ధములో ఓడిన జర్మనీకి వెర్సైల్స్ సంధి ఇంజను విమానములపై ఆంక్షలు విధించెను. ఇంజను లేని వానిపై ఆంక్ష లేదు. 1920లో ఆస్కార్ ఉర్సీనస్ అను పత్రికా సంపాదకుడు రోన్ పర్వతములలో సుమారు 950 మీటర్ల ఎత్తున నున్న వాసెర్కుప్పె శిఖరమున గ్లైడరు పోటీలు ఏర్పాటు చేసెను. యువకులు తాము కట్టుకొన్న యంత్రములను కొండపైకి చేర్చి, రబ్బరు త్రాళ్లతో, గులకరాతిని ఉండేలుతో విసరినట్లు, గాలిలోనికి విసరిరి. 1922 ఆగస్టులో హనోవర్ సాంకేతిక విద్యాలయమువారి 'వాంపైర్' గ్లైడరులో మార్టెన్స్ గంటకు పైగా ఎగిరెను. కొన్ని దినములలోనే హెన్ట్జెన్ మూడుగంటలు దాటెను. సన్నని పొడుగు రెక్క, లోపల పెట్టెవలె బిగించిన దూలము, నునుపైన దేహము గల వాంపైర్ తరువాత వచ్చిన గ్లైడర్లకెల్ల తల్లి యనదగును.

కాని ఉపాధ్యాయులకు వాంపైర్ కంటె దగ్గరి కథ మరియొకటి కలదు. తూర్పు ప్రష్యాలో ఫెర్డినాండ్ షుల్ట్స్ అను పల్లెబడి పంతులు ఉండెను. అతనికి విద్యాలయపు కార్ఖానా లేదు, ధనము లేదు. చౌక కర్రలతో, ముతక బట్టతో తానే గ్లైడరు కట్టుకొనెను. నడుపుటకు దానిలో నున్నవి చీపురుకర్రల వంటి రెండు పిడులు. అందువలన దానికి చీపురుకర్ర అనియే పేరు వచ్చెను. 1922లో వాసెర్కుప్పెకు దానిని తీసికొనిపోగా పరీక్షకులు క్షేమకరము కాదని త్రోసివేసిరి. షుల్ట్స్ ఇంటికి మరలి, బాల్టిక్ సముద్రతీరమున రోసిట్టెన్ ఇసుకదిబ్బలను తన కొండగా చేసికొనెను. సముద్రపు గాలి ఎడతెగక దిబ్బను కొట్టుచుండును; పడినచో క్రింద ఇసుక. 1924 మే 11న ఆ చీపురుకర్ర గ్లైడరులోనే 8 గంటల 42 నిమిషములు ఎగిరి ప్రపంచములో మొదటివాడాయెను.

ఈ విజయము ఆ యంత్రపు గొప్పతనముగా లెక్కింపరాదు. నునుపులో, జారుడులో అది వాంపైర్‌కు సాటిరాదు. దానికి తగిన గాలిని, తగిన నేలను షుల్ట్స్ ఎరిగియుండెను. విరిగినది తన చేతితో బాగుచేసికొనగలిగెను. పరీక్షకులది కేవలము పక్షపాతమనుటయు న్యాయము కాదు. గ్లైడర్లు ఆనాడు ప్రాణములు తీయుచుండెను. షుల్ట్స్ కూడ 1929లో విమానము కూలియే మరణించెను.

1926లో లిప్పిష్, స్టామర్ అనువారు 'జోగ్లింగ్' అను శిక్షణ గ్లైడరును సిద్ధపరచిరి. ఆ మాటకు శిష్యుడని అర్థము. దేహము లేదు, కర్రల చట్రము, దానిపై రెక్క, ముందు బయలుననే ఒక పీట. బడిపిల్లలు గీచిన బొమ్మవలె ఉండును. అయినను ఆ కాలపు శిష్యులు మొదట ఎక్కినది ఇటువంటి వానినే, వాంపైర్ వంటి వానిని కాదు. విరుగుట ఖాయమని ఒప్పుకొని, విరిగిన ముక్కను ఆ సాయంత్రమే అతికించుకొనుటకు వీలుగా కట్టిన యంత్రమది.

1920ల చివర ఎండకు లేచు ఎగుడుగాలిని పట్టుకొనుట గ్లైడరు నడుపువారు నేర్చిరి. మబ్బునుండి మబ్బునకు పోవు మార్గము దొరకగానే కొండ అంచు వారికి ఇరుకైపోయెను. ఆ అంచు క్రమముగా బొమ్మ గ్లైడర్లవారి వశమాయెను.

బొమ్మ గ్లైడరులో మనిషి లేడు. దానిని గాలికెదురుగా నిలుపువారెవరు? రేడియో చౌకపడక పూర్వము ఐరోపావారు దీనికి ఒక చక్కని ఉపాయము చేసిరి. గ్లైడరు ముక్కున చిన్న చుక్కానిని అమర్చి దానికి కడ్డీ అయస్కాంతమును బిగించిరి. దేహము ఎటు తిరిగినను అయస్కాంతము ఉత్తర దక్షిణములనే చూచును. అందుచే చుక్కాని వంగి గ్లైడరును మరల మొదటి దిక్కునకు త్రిప్పును. ఎగురవేయుటకు ముందు గాలి దిక్కు చూచి, అయస్కాంతమునకు చుక్కానికి మధ్య కోణమును సరిచేసిన చాలును. దిక్సూచిని పాఠముగా చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. ఈ విధమైన గ్లైడర్లకు అంతర్జాతీయ పోటీలు నేటికిని కలవు.

రేడియో మార్గము మొదట ధనికులదే. 1937లో అమెరికాలోని కలమజూ పట్టణమున వాల్టర్, విలియం గుడ్ అను కవల సోదరులు రేడియోతో నడచు బొమ్మ విమానమును ఎగురవేసిరి. దానికి ఇంజను ఉండెను. రెక్క పొడవు సుమారు 8 అడుగులు. అంత పెద్దది కట్టుటకు కారణము రేడియో బరువే. వాల్వులు, వానికి కావలసిన బరువైన బ్యాటరీలు మోయవలెను గదా! తరువాతి కాలపు చౌక పరికరములలో రేడియో చేయుపని ఒక మీట నొక్కుట వంటిది మాత్రమే. మెలిపెట్టిన రబ్బరు పట్టీ శక్తితో చుక్కాని ఒకమారు కుడికి, మరుమారు ఎడమకు వంగెడిది. మెలి అయిపోయినచో నడుపుటయు అయిపోయినట్లే. ఎత్తుపల్లముల అదుపు లేదు. రెక్కలను ఇరువైపుల పైకెత్తి కట్టుటచే చుక్కాని వంగినపుడు గ్లైడరు తనంతట ఒరిగి తిరిగెడిది.

ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత బరువు తగ్గెను. 1960లలో, మీటను ఎంత వంచిన పలక అంత వంగు పద్ధతి అందుబాటులోనికి వచ్చెను. ఇంకొక చిక్కు మిగిలెను: ఒకే తరంగముపై ఇద్దరు ట్రాన్స్‌మిటర్లు తెరచినచో ఇద్దరి గ్లైడర్లు కూలెడివి. కొండపైకి పోయినవాడు మొదట విచారింపవలసినది గాలిని కాదు, పొరుగువాని తరంగమును. 2000వ సంవత్సరము తరువాత 2.4 గిగాహెర్ట్జు పరికరములు వచ్చి ఈ బాధను దాదాపు తొలగించెను. ఇవి ఒకదాని దారికి మరియొకటి అడ్డురాకుండ సంకేతములను పంచుకొనును. భారతదేశములో ఈ తరంగములను తక్కువ శక్తితో వాడుటకు లైసెన్సు అక్కరలేదని 2005లో నియమములు వెలువడెను.

రేడియో చౌకయగుచుండగా గ్లైడరు ఖరీదగుచు వచ్చెను. గాజునార, కార్బన్ నార పొరలను అచ్చులలో పోసిన రెక్కలు బాల్సా చెక్క రెక్కల స్థానమును ఆక్రమించెను. కొండగాలిపై పందెములు ఏర్పడెను: 100 మీటర్ల దూరమును పదిమారులు ఇటు అటు పరుగెత్తవలెను, ఎవరి కాలము తక్కువో వారిదే గెలుపు. కొండ వెనుకవైపు నిశ్చలముగా నున్న గాలికి, పైన వేగముగా పోవు గాలికి నడుమ చుట్టలు చుట్టి ఆ వేగభేదమునుండియే శక్తిని పిండుకొను విద్య 1990లలో రేడియో గ్లైడర్లకు అలవడెను. ఇట్టి శక్తి లభించుననుటను రేలే ప్రభువు 1883లోనే పక్షుల విషయములో సూచించియుండెను. 2021లో కాలిఫోర్నియాలో ఒక గ్లైడరు ఈ విధముగా గంటకు 548 మైళ్ల వేగమందెను. ఇంజను లేని బొమ్మ, జెట్ ప్రయాణవిమానముతో సమానముగా! వినుటకు ఎంతయో బాగున్నది. కాని దీనిని చూచి మొదటి గ్లైడరును ఎన్నుకొన్నవాడు, ఈత నేర్చుకొనుటకు వరదగోదావరిని ఎన్నుకొన్నవానితో సమానుడు.

చౌకవాని చరిత్రలో 1990లలో వచ్చిన మార్పు వేరు. వ్యాకోచింపజేసిన పాలీప్రొపిలీన్ అను నురుగు ప్లాస్టిక్కు మోటారుకార్లు గుద్దుకొన్నపుడు దెబ్బ మ్రింగు బంపర్లలో వాడుకలో నుండెను. దానిని కాగిన తీగతో కోసి, పైన పట్టీ అంటించి, అమెరికాలో కొండగాలివారు రెక్కలు చేసిరి. తోకలేక రెక్క మాత్రమే గల 'జాగీ' అను గ్లైడరు ఈ విధముగా పేరొందినది. సామాను పెట్టెలలో వచ్చు థర్మకోలు దెబ్బకు పెళుకున విరుగును; ఈ పదార్థము నలిగి మరల లేచును. ఘనమీటరు బరువు సుమారు 20 కిలోగ్రాములే. పిల్లలు ఆకాశములో ఒకరి గ్లైడరును ఒకరు ఢీకొట్టి పడవేయు ఆటను కనిపెట్టిరి; పడినవానిని తీసికొని మరల విసరిరి. లిలియెంతాల్ ముక్కున కట్టిన విల్లో బెత్తము, నూరేండ్లకు రెక్క అంతటను వ్యాపించినట్లాయెను.

ఇపుడు కొనుగోలు ప్రశ్నకు రావచ్చును. ఒక పాఠశాలలో ఐదారుగురు విద్యార్థులు చందా వేసికొని ఒక గ్లైడరు కొనిరనుకొందము. మొదటి ఆదివారమే అది రెండు ముక్కలైనచో గ్లైడరు మాత్రమే పోదు. ఆ పిల్లల ఉత్సాహమును, వారిని ప్రోత్సహించిన మాస్టారి మాటయు పోవును. కావున ధరపట్టీకి ముందు రెండు లెక్కలు కట్టవలెను.

మొదటిది రెక్కభారము, అనగా గ్లైడరు బరువును రెక్క వైశాల్యముతో భాగింపగా వచ్చునది. రెక్క పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 25 సెంటీమీటర్లు, బరువు 600 గ్రాములు అయినచో, వైశాల్యము 30 చదరపు డెసిమీటర్లు. రెక్కభారము చదరపు డెసిమీటరుకు 20 గ్రాములు. ఎత్తుగుణకమును 0.5గా తీసికొన్నచో ఇటువంటి గ్లైడరు సెకనుకు 8 మీటర్ల వేగముతో హాయిగా ఎగురును. రెక్కభారము రెట్టింపైన వేగము రెట్టింపు కాదు. వర్గమూలము చొప్పున పెరిగి సుమారు 11.3 మీటర్లగును. భౌతికశాస్త్రపు తరగతిలో ఈ లెక్కను చేయించవచ్చును.

రెండవది పడినపుడు ఖర్చగు శక్తి. పై 600 గ్రాముల నురుగు గ్లైడరు 8 మీటర్ల వేగముతో నేలను కొట్టినచో దాని గతిశక్తి సుమారు 19 జౌళ్లు. రెండు కిలోగ్రాముల బరువు, 40 గ్రాముల రెక్కభారము గల నారపొరల గ్లైడరు 11.3 మీటర్లతో కొట్టినచో 128 జౌళ్లు, అనగా ఆరింతలకు మించి. పైగా మొదటిది మెత్తనిది, రెండవది పెళుసు. మొదటిదానికి అంటుపట్టీ చాలును. రెండవదానికి జిగురు, గాజునార, ఇసుకకాగితము, ఒక వారము కావలెను, అదియును చేయి తిరిగినవానికి.

అట్లని తేలికదే ఎల్లప్పుడును మేలనుట సరికాదు. ఆకులు, చిరుకొమ్మలు ఎడతెగక కదలునపుడు గాలి సెకనుకు 4, 5 మీటర్లుండును. దుమ్ము, కాగితపు ముక్కలు లేచునపుడు 6, 7 మీటర్లు. చిన్న చెట్లు ఊగులాడునపుడు 8 దాటినదని గ్రహింపవలెను. పై లెక్కలోని గ్లైడరు 10 మీటర్ల గాలిలో ముందుకు పోజాలదు. ముక్కు వంచి వేగము పెంచవచ్చును గాని దిగుడు కూడ పెరుగును. అది వెనుకకు కొట్టుకొనిపోయి కొండ వెనుక సుడిగాలిలో చిక్కును. అచటినుండి మరలివచ్చుట అరుదు. కావున తన గుట్టపై ఏ గాలి ఎక్కువ దినములు వీచునో కొన్ని వారములు చూచి వ్రాసికొన్న తరువాతనే గ్లైడరు కొనుట మంచిది. గాలి బలమైన చోట, బరువు ముక్కలను గురుత్వకేంద్రము వద్ద చేర్చుటకు వీలున్న గ్లైడరును చూడవలెను.

ఈ లెక్కలను బట్టి చూడగా మొదటి గ్లైడరుగా నురుగు రెక్కకే మొగ్గు. దానికి రెండు చిన్న సర్వో మోటార్లు చాలును. రెక్క వెనుక అంచునగల రెండు పలకలు కలిసి వంగినపుడు ముక్కు లేచుటయో వంగుటయో జరుగును. ఎదురెదురుగా వంగినపుడు ఒరుగును. రెండు మీటర్ల రెక్క, చుక్కాని, తోకపలక గల బాల్సా గ్లైడరు నెమ్మదిగా, శాంతముగా ఎగురును; తప్పు దిద్దుకొనుటకు వ్యవధినిచ్చును. కట్టుటలో విద్యయు ఎక్కువ. కాని రాళ్లున్న గుట్టపై దానికి ఆయువు తక్కువ. దిగుటకు గడ్డిమైదానమున్న అదృష్టవంతులు దానినే ఎన్నుకొనవచ్చును. ముక్కున చిన్న విద్యుత్ మోటారు, మడతపడు పంకా గలవి కూడ దొరకును. గాలి తగ్గినపుడు లోయలో దిగకుండ ఇవి కాపాడును. అయితే ధరయు, బరువును పెరుగును.

పొదుపు చేయదగినది గ్లైడరులోనే గాని రేడియోలో కాదు. గ్లైడర్లు వచ్చును, పోవును. మంచి ట్రాన్స్‌మిటరు పదేండ్లు చేతిలో ఉండును. పైన చెప్పిన రెండు పలకల కలయికను తనలోనే చేసికొను ట్రాన్స్‌మిటరు కావలెను. అతి చౌకవానిలో ఇది ఉండదు. ఎవరైనను వాడి అమ్ముచున్న గ్లైడరు కొనుటలో తప్పు లేదు. అయితే రెక్కను రెండుచేతుల పట్టి మెలిపెట్టి చూడవలెను. లోపలి దూలము విరిగిన నురుగు రెక్క పైకి నిక్షేపముగా కనబడి, గాలి విసురులో మడచుకొనును.

ఎగురవేయు దినమున ట్రాన్స్‌మిటరును ముందుగా తెరచి, పిమ్మట గ్లైడరులోని బ్యాటరీని కలిపి, పలకలు ఏ మీటకు ఏ వైపు వంగుచున్నవో చూడవలెను. క్రింద లోయలో పశువులు, మనుషులు లేరని చూచుకొనవలెను. తరువాత గాలికి నేరుగా ఎదురై, ముక్కును ఆకాశమునకు కాక దిగంతమునకు కొంచెము క్రిందుగా చూపి, విసరవలెను. మొదటి మలుపు, రెండవ మలుపు, ప్రతి మలుపును కొండకు ఎడముగానే.